ఇద్దరు నాన్నలున్న ఇంటికి ఇరుగుపొరుగు: తిరుపతిలో మనల్ని కలుపుకునే మనుషుల్ని సంపాదించుకోవడం ఎలా

ఈమధ్య ఒకే ప్రశ్న రకరకాలుగా నా దగ్గరికి వస్తోంది. "బెంగళూరు వదిలి మన వైపు వచ్చేద్దామనుకుంటున్నాం, పిల్లలతో తిరుపతిలో ఉండనిస్తారా?" అని ఒకరు అడుగుతారు. "చిత్తూరులో మాకు ఇల్లు ఎవరిస్తారు, బడిలో ఏమని చెప్పాలి?" అని ఇంకొకరు. ఒక్కొక్కరికీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేకన్నా, చేయాల్సిన పనులు, చేసే వరుస, మేం చేసిన తప్పులు అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను.

మా ఇల్లు ఎలాంటిదో ముందు చెప్తాను. మేం ఇద్దరు మగవాళ్లం. పెద్దపాప నా మొదటి పెళ్లి బిడ్డ, మూడో తరగతి. వాళ్లమ్మ బెంగళూరులో ఉంటుంది, సెలవులకు పాప అక్కడికి వెళ్తుంది. చిన్నోడిని నా సహచరుడు మేం కలవకముందే ఒంటరిగా, చట్టప్రకారం దత్తత తీసుకున్నాడు. వాడిప్పుడు యూకేజీ. పిల్లలు నన్ను "నాన్న" అంటారు, ఆయన్ని "నాయన" అంటారు.

ఊరు ఊరంతా మనల్ని ఒప్పుకోవాలని కూర్చుంటే ఏ ఊళ్లోనూ బతకలేం. మనకు కావాల్సింది ఆరేడుగురు: ఇంటి ఓనరు, పక్కింటివాళ్లు, క్లాసు టీచరు, పిల్లల డాక్టరు, ఒక లాయరు, మనలాంటి ఇంకో కుటుంబం. వీళ్లను ఒక్కొక్కరిగా సంపాదించుకోవాలి. అందులో ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్నది చాలా ముఖ్యం.

1. ముందు ఇంట్లో మాట ఒకటి కావాలి

ఇల్లు వెతకడానికి ముందు రెండు మూడు సాయంత్రాలు దీనికే పెట్టుకోండి. ఇద్దరూ కూర్చుని కాగితం మీద మూడు వరుసలు రాయండి. ఎవరికి ఉన్నది ఉన్నట్టు చెప్తాం? ఎవరికి "ఇద్దరం కలిసి పిల్లల్ని పెంచుకుంటున్నాం" అని ఆపేస్తాం? ఎవరికి అసలు చెప్పం? ఇద్దరి జాబితాలూ ఒకటి కాకపోతే ఇంకొన్నాళ్లు ఆగండి. ఒకరు చెప్పాలని, ఇంకొకరు వద్దని అనుకునే ఇంట్లో మొదట నలిగేది పిల్లలే.

మొదటి ఇంట్లో మేం చేసిన తప్పు ఇదే. ఓనరుకి నా సహచరుణ్ణి "మా పిన్ని కొడుకు" అని పరిచయం చేశాను. ఇద్దరం పెద్దవాళ్లం, అబద్ధం మాకేం బరువనిపించలేదు. మోసింది మా పాప. ఎదురింటావిడ "మీ బాబాయికి పెళ్లెప్పుడమ్మా?" అని అడిగిన ప్రతిసారీ ఆ పిల్ల మా మొహాలకేసి చూసేది. అప్పటికి దానికి ఆరేళ్లు. ఒకరోజు రాత్రి దుప్పటి కప్పుతుంటే మెల్లగా అడిగింది: "నాన్నా, నాయనని మెట్లు దిగినాక బాబాయి అనాలా?" నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నెల తిరక్కుండా ఆ ఇల్లు ఖాళీ చేశాం.

అప్పట్నుంచి మాకు ఒకటే నియమం. పిల్లల నోటితో అబద్ధం చెప్పించం. మన సంగతి అందరికీ చెప్పాల్సిన పనిలేదు, కానీ దాన్ని దాచే పని బిడ్డ నెత్తిన పెట్టకూడదు.

పిల్లలకు జవాబులు ముందే నేర్పండి. చిన్నవి, నిజమైనవి, ఒకే ఊపిరిలో చెప్పగలిగేవి. మా పాప జవాబు ఇది: "అమ్మ బెంగళూరులో ఉంటాది. ఇక్కడ నాన్న, నాయన ఉంటారు." ఇంకా తవ్వితే: "మా నాన్నని అడగండి." ఈ రెండో మాట నేర్పడం మర్చిపోవద్దు. పెద్దవాళ్ల కుతూహలాన్ని పెద్దవాళ్లకే వదిలేసే హక్కు బిడ్డకు ఉందని అది చెబుతుంది. ఆటలాగా ప్రాక్టీసు చేయించండి. మేం భోజనాల దగ్గర "నేను పక్కింటి అత్తని, నువ్వు నువ్వే" అని ఆడేవాళ్లం.

ఒక ముఖ్యమైన జాగ్రత్త. బిడ్డ కస్టడీ కేసు కోర్టులో ఉన్నా, రాబోతుందని అనుమానం ఉన్నా, ఎవరికీ ఏమీ చెప్పకముందే లాయరుతో మాట్లాడండి. ఇది మాత్రం వాయిదా వేయకండి.

2. కాగితాల కవరు సిద్ధం చేయండి

చట్టం ఎక్కడుందో తెలిస్తే కాగితాలు ఎందుకో అర్థమవుతుంది. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు తీర్పుతో మనం కలిసి ఉండటం నేరం కాకుండా పోయింది. 2023 అక్టోబర్ 17 తీర్పులో మాత్రం పెళ్లి హక్కు ఇవ్వలేదు, జంటగా దత్తత తీసుకునే దారీ తెరుచుకోలేదు. సహజీవనంలో ఉన్న ఒంటరి దరఖాస్తుదారుల్ని పరిగణించబోమని, దేశంలో దత్తతల్ని చూసే కేంద్ర సంస్థ కారా 2022 జూన్‌లోనే చెప్పింది. అందువల్ల మీరిద్దరూ రాత్రింబవళ్లు పెంచుతున్నా, దత్తత బిడ్డకు కాగితం మీద ఒక్కరే తండ్రి లేదా తల్లి. రెండోవాళ్లు ఎవరూ కానట్టే. ఆ ఖాళీని వీలైనంత మేరకు కాగితాలతో పూడ్చుకోవాలి.

కవర్లో ఉండాల్సినవి:

☐ పిల్లల జనన ధ్రువపత్రాలు, ఆధార్, దత్తత అయితే ఆ ఆదేశం నకలు. అసలు పత్రాలు బ్యాంకు లాకర్లో ఉండాలి.

☐ అనుమతి పత్రం. చట్టప్రకారం తల్లి లేదా తండ్రి అయినవాళ్లు రెండోవాళ్ల పేరు, ఆధార్ నంబరు రాసి, "నేను అందుబాటులో లేనప్పుడు ఈ బిడ్డను బడి నుంచి తీసుకెళ్లడానికి, వైద్యం చేయించడానికి వీరికి అనుమతి ఇస్తున్నాను" అని సంతకం పెట్టి నోటరీ చేయించాలి. దీనికి కోర్టు ఆదేశానికి ఉన్న బలం ఉండదు. కౌంటరు దగ్గర మాత్రం చాలా పని చేస్తుంది.

☐ వీలునామా. ఇద్దరు సాక్షులు తప్పనిసరి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించండి. ఆస్తితోపాటు మైనర్ బిడ్డకు సంరక్షకుడు ఎవరో అందులో రాయించండి.

☐ బ్యాంకు, ఇన్సూరెన్సు నామినీ వివరాలు. స్వలింగ జంటలు జాయింట్ ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి ఏ అడ్డూ లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టు 28న స్పష్టం చేసింది. బ్రాంచిలో తెలియదంటే ఆ ప్రకటన ప్రింటు తీసి చూపించండి.

☐ రేషన్ కార్డు కావాలంటే, కలిసి ఉంటున్న భాగస్వాముల్ని ఒకే కుటుంబంగా చూడమని కేంద్రం అదే ఏడాది రాష్ట్రాలకు రాసింది. ఆ ప్రతి కూడా పెట్టుకోండి.

వీలునామా దగ్గర రెండు మెలికలు ఉన్నాయి. ఒంటరిగా దత్తత తీసుకునేవాళ్ల దగ్గర, రేపు వాళ్లకేమైనా అయితే బిడ్డను చూసుకుంటామని ఒక బంధువు రాసిచ్చిన హామీపత్రం తీసుకుంటారు. మా చిన్నోడి విషయంలో అది నా సహచరుడి అక్కయ్య ఇచ్చింది. వీలునామాలో సంరక్షకుడిగా నా పేరు పెట్టాక ఆమెను కూర్చోబెట్టి చదివి వినిపించాం. ఆమె ఊ అన్నాకే సంతకాలు. ఈ రెండు కాగితాలూ రెండు రకాలుగా మాట్లాడితే రేపు గొడవయ్యేది బిడ్డ మీదే. ఇక మా పాప సంగతి వేరు. నా తర్వాత హక్కు వాళ్లమ్మదే. నా సహచరుడి పేరు రాసినంత మాత్రాన అది మారదు. అందుకే ఆమెతోనే నేరుగా మాట్లాడుకున్నాం, పాపకి నాయనతో రాకపోకలు తెగకూడదని. విడిపోయిన భార్యతో ఈ మాట మాట్లాడటం కష్టమే. అయినా మాట్లాడండి.

3. అడ్వాన్సు ఇవ్వకముందు వీధిని చూడండి

పది రోజులు సెలవు పెట్టి వచ్చి ఉండండి. ఒక్కరోజు వచ్చి బ్రోకరు చూపించిన ఇంటికి అడ్వాన్సు ఇచ్చేయడం మనకు పనికిరాదు.

తిరుపతిలో మనకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, స్విమ్స్, రుయా ఆసుపత్రులు, ఏర్పేడు వైపు ఐఐటీ, ఐసర్ విద్యాసంస్థలు. వీటివల్ల బయటి ఊళ్లనుంచి వచ్చి అద్దెకుండే కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటివాళ్లు ఎక్కువగా ఉండే వీధుల్లో "మీ ఆడోళ్లు ఏరీ?" అన్న ప్రశ్న కాస్త ఆలస్యంగా వస్తుంది. యూనివర్సిటీ చుట్టుపక్కల, బాలాజీ కాలనీ, ఎయిర్ బైపాస్ రోడ్డు అపార్ట్‌మెంట్లు నేను ముందు చూడమంటాను. పాత ఊళ్లో తరాలుగా ఉన్న వీధుల్లో అలవాటు పడటానికి ఎక్కువ కాలం పడుతుంది. అలవాటు పడ్డాక మాత్రం వాళ్లు వదలరు.

చిత్తూరు చిన్న ఊరు. మూడో ప్రశ్నకే మీ తాత పేరు దాకా వచ్చేస్తారు. మీ చుట్టాలెవరైనా ఆ ఊళ్లో ఉంటే, మీ సంగతి మీకంటే ముందే వీధికి చేరుతుంది. అక్కడ ఉండాలనుకునేవాళ్లు ముందు ఆ చుట్టాలతో మాట తేల్చుకోండి. చిత్తూరుకి ఉన్న సౌకర్యం వేలూరు దగ్గర కావడం. వైద్యానికి, కౌన్సెలింగుకి గంట ప్రయాణంలో ఇంకో ఊరు ఉండటం చిన్న విషయం కాదు.

ఆ పది రోజుల్లో మన గురించి ఎవరినీ అడగొద్దు. వేరేవాళ్ల గురించి వాళ్లేమంటున్నారో వినండి. కిరాణా కొట్టు దగ్గర, టీ కొట్టు దగ్గర, సాయంత్రం ప్రకాశం పార్కులో పిల్లలు ఆడుకునేచోట నిలబడితే చాలు. కులాంతర పెళ్లి చేసుకున్న జంట గురించి ఏమంటున్నారు? భర్తను వదిలి వచ్చి పిల్లల్ని పెంచుకుంటున్న ఆడమనిషి గురించి? కొట్టు ముందుకొచ్చి చెయ్యి చాపిన హిజ్రాతో కొట్టాయన ఎలా మాట్లాడాడు? "పాపం, వాళ్ల బతుకు వాళ్లది" అనే గొంతు ఒక్కటైనా వినిపించిన వీధిలో ఇల్లు చూడండి. మాకు దగ్గరైన కుటుంబాల్లో ఎక్కువమంది ఇంట్లోవాళ్లను ఎదిరించి పెళ్లి చేసుకున్నవాళ్లే. వెలి అంటే ఏమిటో వాళ్లకు తెలుసు.

4. ఇల్లు అడిగే పద్ధతి

మనం "ఫ్యామిలీ"లోకీ రాం, "బ్యాచిలర్స్"లోకీ రాం. బ్రోకరు ఫోన్లో అడిగితే "ఇద్దరు పెద్దవాళ్లం, ఇద్దరు పిల్లలు" అని చెప్పండి. ఇల్లు చూడటానికి పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి. సాయంత్రం నాలుగున్నర, అయిదు మధ్య వెళ్తే ఇంట్లో ఆడవాళ్లుంటారు. ఇల్లిచ్చేదీ ఇవ్వనిదీ తేల్చేది చాలాచోట్ల వాళ్లే.

ఇప్పుడు మేమున్న ఇల్లు ఎలా దొరికిందో చెప్తాను. కింద ఓనరమ్మ, పైన పోర్షన్ మాకు. ఆమెకు డెబ్బై దాటి ఉంటాయి. గేటు దగ్గరే నిలబెట్టి అడిగింది.

"ఇద్దురు మొగోళ్లేనా నాయనా? ఆడదిక్కు లేకుంటే పిల్లకాయలకు అన్నం ఎవురు చేస్తారు?"

"నేనే చేస్తానమ్మా. సంగటి కూడా వస్తాది," అన్నాడు నా సహచరుడు.

"సంగటా? గ్లాసు నూకకి పిండి ఎంత ఏస్తావు?"

"గ్లాసున్నర."

"రెండెయ్యి. గెట్టిగుంటాది." ఒక్క క్షణం ఆగింది. "ఇంతకీ మీరిద్దురూ ఏమవతారు?"

ఆ ప్రశ్నకు మేం ముందురోజే జవాబు అనుకుని వెళ్లాం. నేను చెప్పాను: "పిల్లలకి ఇద్దరం నాన్నలమే అమ్మా. మేం కలిసే ఉంటాం, ఇంకెవరినీ చేసుకోం."

ఆమె మా పాప జడ వైపు చూసింది, మా చిన్నోడి ఊడిపోయిన బొత్తాం వైపు చూసింది. "చేసుకోకుంటే మీ ఇష్టం. నీళ్లు మాత్రం పొద్దన్నే పట్టుకోవాల," అని తాళాలు తెచ్చింది.

అన్ని గేట్లూ ఇలా తెరుచుకోవు. ఈ ఇంటికి ముందు అయిదుచోట్ల కాదన్నారు. కాదన్నవాళ్లతో వాదించకండి. బతిమాలి తీసుకున్న ఇంట్లో ప్రతిరోజూ బతిమాలుతూనే ఉండాల్సి వస్తుంది.

ఒప్పందం దగ్గర చూసుకోవాల్సినవి:

☐ పదకొండు నెలల అగ్రిమెంటులో ఇద్దరి పేర్లూ ఉండాలి. ఒక్కరి పేరే ఉంటే రెండోవాళ్లకు చిరునామా రుజువు ఉండదు.

☐ అడ్వాన్సు ఎంత, ఖాళీ చేయమంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి అన్నది అక్షరాల్లో రాయించండి. మనకు రెండు నెలల గడువైనా కావాలి, పిల్లల బడి మధ్యలో తెగకుండా.

☐ మాంసం, చుట్టాల రాకపోకలు, కులం గురించి అడిగేవి ముందే అడగనివ్వండి. చేరాక అడిగితే చేదుగా ఉంటుంది.

5. వరస కలపండి

ఇది ఈ వ్యాసంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. మన వైపు ఎవరైనా పరాయివాడిగా ఎక్కువకాలం ఉండలేడు. పాలాయన "అన్న" అవుతాడు, కింద ముసలామె "అవ్వ" అవుతుంది. ఈ అలవాటు మనకోసమే పుట్టిందా అనిపిస్తుంది నాకు. "మేం ఫలానా" అని ప్రకటించడం కన్నా, ఒక్కొక్కరికీ మన ఇంట్లో ఒక వరస, ఆ వరసకు ఒక పని ఇవ్వడం ఎక్కువ పని చేస్తుంది.

మా చిన్నోడికి చెవులు కుట్టించాలి. మేనమామ ఒడిలో కూర్చోవాలి. వాడికి మేనమామ ఎవరు? ఈ ఒక్క ప్రశ్నతో మేం వారం రోజులు సతమతమయ్యాం. చివరికి నా చిన్ననాటి స్నేహితుణ్ణి అడిగాం. వాడు ఒక్కమాటైనా వెనక్కి అడగలేదు. కొత్త పంచె కట్టుకుని, భార్యనీ కూతుర్నీ వెంటబెట్టుకుని, పళ్లెంలో బట్టలు పెట్టుకుని వచ్చాడు. చిన్నోడు ఏడుస్తూ వాడి చొక్కా మొత్తం తడిపేశాడు. ఆ రోజు నుంచి వాడు మేనమామే. బడి వార్షికోత్సవానికి వస్తాడు, రాత్రిపూట ఫోన్ చేస్తే ఎత్తుతాడు. అంతకుముందు పదేళ్లలో వాడు మా ఇంటికి నాలుగుసార్లు వచ్చుంటాడు.

అడగాల్సిన విధం: ఒకరిని ఒక పనికే అడగండి. "మా పాపకి మేనత్తవి నువ్వే, ఓణీల ఫంక్షన్‌కి ఎదురుగా నిలబడాలి" అంటే మనిషికి తన చోటు తెలుస్తుంది. ఆడపిల్ల ఉన్న మగ జంటలకు ఇది మరీ అవసరం. పాపకు తొమ్మిదేళ్లు రాకముందే, నెలసరి గురించి మాట్లాడటానికి దానికి నచ్చిన ఒక అత్తో పిన్నో ఇంటికి అలవాటై ఉండాలి. మనం మాట్లాడకూడదని కాదు, మేమూ మాట్లాడతాం. కానీ దానికి ఇంకో తలుపు కూడా ఉండాలి.

పక్కింటివాళ్లకు మొదటి నెలలో చేయాల్సినవి మామూలువే. పండక్కి చేసింది గిన్నెలో పంపండి, తిరిగొచ్చిన గిన్నె ఖాళీగా వచ్చిందా అని చూడకండి. వాళ్ల పిల్లల్ని ఒక ఆదివారం జూపార్కుకి తీసుకెళ్లండి, ముందు వాళ్ల అమ్మానాన్నల్ని అడిగి. మగవాళ్లు మాత్రమే ఉన్న ఇంటికి పిల్లల్ని పంపడానికి ఎవరైనా వెనకాడితే నొచ్చుకోకండి. వాళ్లనే రమ్మనండి. తలుపులు తీసే ఉంచండి.

తాతయ్యగుంట గంగమ్మ జాతర గురించి ఒకమాట. ఆ వారమంతా మగవాళ్లు చీరలు కట్టి, పూలు పెట్టుకుని వేషాలతో వీధుల్లో తిరుగుతారు. అది మొక్కు. దాన్ని చూసి ఊరు మనల్ని అర్థం చేసుకుందనుకుని నోరు జారినవాళ్లు నాకు తెలుసు. మొక్కు వేరు, మన బతుకు వేరు. అయినా మేం ఏటా పిల్లల్ని తీసుకెళ్తాం. అంబలి పోసే చోట మా ఓనరమ్మ మా చిన్నోణ్ణి "మావోడే" అని తెలిసినవాళ్లకు చూపిస్తుంది.

6. బడిలో చెప్పాల్సింది ఎవరికి

ప్రిన్సిపాల్ గది కన్నా ముందు అడ్మిషన్ ఫారం చూడండి. తల్లి, తండ్రి అని రెండు గళ్లుంటాయి. చట్టప్రకారం ఎవరున్నారో వాళ్ల పేరే రాయండి. లేని పేరు సృష్టించొద్దు, టీసీలో, పదో తరగతి మెమోలో అది వెంటాడుతుంది. ఒంటరి తల్లి లేదా తండ్రి పేరుతో నడిచే పిల్లలు దేశంలో ఎందరో ఉన్నారు. 2015 జూలైలో సుప్రీంకోర్టు పెళ్లికాని తల్లి విషయంలో తండ్రి పేరు చెప్పకుండానే జనన ధ్రువపత్రం ఇవ్వాలంది. 2016 డిసెంబరు నుంచి పాస్‌పోర్టుకు తల్లిదండ్రుల్లో ఒకరి పేరు చాలు. రెండోవాళ్ల పేరు "అత్యవసరంలో సంప్రదించాల్సిన వ్యక్తి", "బిడ్డను తీసుకెళ్లే వ్యక్తి" గళ్లలో రాసి, అనుమతి పత్రం నకలు జతచేయండి.

అడ్మిషన్ పేరుతో తల్లిదండ్రుల్ని ఇంటర్వ్యూ చేయడం విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ఒప్పుకోదు. ఈ సంగతి తెలిసి ఉండాలి, మొదటిరోజే బల్లమీద గుద్ది చెప్పనక్కర్లేదు.

క్లాసు టీచరుని జూన్ చివర్లో, ఒక్కరినే, పది నిమిషాలు అడగండి. చెప్పాల్సింది మూడు ముక్కలు: ఇంట్లో ఎవరెవరున్నారు, బిడ్డ ఎవరిని ఏమని పిలుస్తాడు, ఏడిపిస్తే మాకు చెప్పండి. ఒకటో తరగతిలోనే "నా కుటుంబం" అని ఫొటోలు అంటించే పాఠం వస్తుంది. అది ఎప్పుడొస్తుందో అప్పుడే అడగండి. మా పాప టీచరు ఆ పాఠం రోజు బోర్డు మీద అమ్మ, నాన్న అని రాయకుండా "ఇంట్లో నాకు జడ వేసేదెవరు, అన్నం పెట్టేదెవరు" అని రాయించింది. తల్లి చనిపోయిన పిల్లాడొకడు, తాత దగ్గర పెరుగుతున్న పిల్ల ఒకతె కూడా ఆ క్లాసులో ఉన్నారని ఆమెకు అప్పుడు గుర్తొచ్చిందట. మనం అడిగింది మన బిడ్డ ఒక్కరికే పనికొచ్చేది కాదని టీచరుకి తెలిస్తే ఆమె మనతో నిలబడుతుంది.

పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో హోంవర్కు తప్ప ఇంకేం మాట్లాడకండి.

7. డాక్టరుని జ్వరం రాకముందే కలవండి

నా సహచరుడు హైదరాబాదు వెళ్లిన రోజు రాత్రి చిన్నోడికి 104 జ్వరం. భుజానేసుకుని ఒక ప్రైవేటు ఆసుపత్రికి పరిగెత్తాను. కౌంటర్లో "మీరేమవుతారు? తండ్రి సంతకం కావాలి" అన్నారు. నేనే చూసుకుంటానన్నాను. వినలేదు. వీడియో కాల్, కాగితం ఫొటో, పైవాళ్లకు ఫోన్. సెలైన్ ఎక్కించేసరికి నలభై నిమిషాలు గడిచాయి. వాడు నా చెవి పట్టుకునే ఉన్నాడు. ప్రాణం మీదికొస్తే సంతకం కోసం ఆగకూడదని డాక్టర్లకు తెలుసు, కానీ మిగతా ప్రతిదానికీ కౌంటరు ఆగుతుంది.

ఆ మర్నాటి నుంచి మేం మార్చుకున్నవి:

☐ ఒకే పిల్లల డాక్టరు. టీకాలకి, దగ్గుకి, అన్నిటికీ ఇద్దరం కలిసి వెళ్తాం. ఆయన ఫైలు మొదటి పేజీలో మా ఇద్దరి పేర్లూ రాసుకున్నారు.

☐ ఆయన పిల్లల్ని చేర్పించే ఆసుపత్రిలో ముందే ఓపీ కార్డు తీసి, అనుమతి పత్రం నకలు ఫైల్లో పెట్టించాం.

☐ అదే పత్రం మా ఇద్దరి ఫోన్లలో, మేనమామ ఫోన్లో ఉంది.

మనసు డాక్టరు అవసరమైతే ఒక హెచ్చరిక. "దీన్ని మాన్పిస్తాం" అనే మనిషి దగ్గర ఒక్క నిమిషం కూర్చోకండి. అలాంటి చికిత్స వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. ఎవరితో మాట్లాడాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కి చేయండి.

8. మనలాంటి ఇంకో కుటుంబం

పిల్లలకు "మాలాంటి ఇల్లు ఇంకోటి ఉంది" అని కళ్లతో చూడటం అవసరం. తిరుపతిలో అలాంటివాళ్లు ఉన్నా బయటపడరు. కాబట్టి చెన్నై, బెంగళూరు వైపు చూడాలి. చెన్నైలోని ఓరినం మనలాంటివాళ్ల కోసం చాలా ఏళ్లుగా పనిచేస్తున్న బృందం. మన పిల్లల తాతయ్యలు, అమ్మమ్మలు అర్థం చేసుకోలేక నలిగిపోతుంటే, స్వీకార్ అనే తల్లిదండ్రుల సంఘం వాళ్లతో మాట్లాడించండి. మా అమ్మకి నేను పదేళ్లు చెప్పలేనిది ఇంకో అమ్మ ఒక్క ఫోన్లో చెప్పింది.

కొత్తవాళ్లను మొదటిసారి పార్కులోనో హోటల్లోనో కలవండి, పిల్లలు లేకుండా. రెండో మూడోసారికి పిల్లల్ని తీసుకెళ్లొచ్చు. డేటింగ్ యాప్‌లో కలిసినవాళ్లకు ఇంటి చిరునామా, బడి పేరు, పిల్లల ఫొటోలు ఇవ్వకండి.

9. ఎక్కువగా జరిగే తప్పులు, సరిదిద్దే దారి

ఒకేరోజు అందరికీ చెప్పేయడం. ఇలా చేసుంటే కొత్తగా ఎవరికీ చెప్పకుండా మూడు నెలలు ఆగండి. అప్పటికి ఎవరు మామూలుగా ఉన్నారో తేలుతుంది, వాళ్లతో మొదలుపెట్టండి.

ఇప్పటికే "తమ్ముడు" అని చెప్పేసి ఉండటం. ఇల్లు మారే దాకా ఆగక్కర్లేదు. నమ్మకమున్న ఒక్కరితో "అప్పుడు భయపడి అలా చెప్పాం" అని దిద్దుకోండి. పిల్లల్ని మాత్రం ఆ రోజు నుంచే ఆ పిలుపు నుంచి విడుదల చేయండి.

భారమంతా ఒక్క స్నేహితుడి మీద వేయడం. బడి పనికి ఒకరు, రాత్రి అత్యవసరానికి ఒకరు, కాగితాలకు ఒకరు ఉండాలి. ఒకరి ఊరు మారితే మొత్తం కూలిపోకూడదు.

పుట్టింటివాళ్లు వస్తారనో రారనో ఎదురుచూస్తూ మిగతావాళ్లను దూరం పెట్టడం. నేను మూడేళ్లు ఇలాగే పోగొట్టుకున్నాను.

10. గొడవ వస్తే

బయటపెడతామని బెదిరించి డబ్బడిగితే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. మెసేజులు చెరపకుండా స్క్రీన్‌షాట్లు తీయండి. భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ ప్రకారం అది నేరం. మనం కలిసి ఉండటం నేరం కాదు కాబట్టి స్టేషన్‌కి తలెత్తుకుని వెళ్లండి, లాయరుతో వెళ్తే ఇంకా మంచిది. ఉచిత న్యాయ సహాయానికి 15100. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఇస్తారు. బిడ్డ ప్రమాదంలో ఉంటే పిల్లల సహాయవాణి 1098.

కన్నవాళ్లే బలవంతంగా తీసుకెళ్తామంటే భయపడొద్దు. 2024 డిసెంబర్లో మన హైకోర్టే ఇద్దరు అమ్మాయిల విషయంలో మేజర్లు ఇష్టపడి కలిసి ఉండొచ్చని చెప్పింది. పెళ్లి లేకపోయినా కుటుంబం ఉండగలదని మద్రాసు హైకోర్టు 2025 మేలో అంది. ఈ రెండు తీర్పుల సంగతి మీ లాయరుకి చెప్పండి.

11. ఏటా జూన్‌లో ఒకసారి

బడి తెరిచే వారంలో కవరు బయటికి తీయండి.

☐ టీచరు మారారా? కొత్త టీచరుతో పది నిమిషాలు.

☐ ఫోన్ నంబర్లు, అనుమతి పత్రం తేదీ సరిచూశారా?

☐ పిల్లల జవాబులు వయసుకు సరిపోతున్నాయా? మా పాప ఈ ఏడాది తన జవాబు తనే మార్చుకుంది: "మాకు ఇద్దరు నాన్నలు. మీకు?"

☐ మొదట్లో కాగితం మీద రాసుకున్న మూడు వరుసల్లో ఎవరైనా ఒక వరుస నుంచి ఇంకో వరుసకి వచ్చారా?

☐ కవరు ఎక్కడుందో ఇంటి బయట ఒక్కరికైనా తెలుసా? మాది వంటింట్లో రాగిపిండి డబ్బా వెనకాల ఉంటుంది. ఓనరమ్మకి తెలుసు.